కొత్త కబోర్డ్ వాసన వెనక కథ: నోవాపాన్, యూరియా, ఫార్మాల్డిహైడ్

ఈ ఎపిసోడ్ కొంచెం లెంగ్త్ ఎక్కువే, కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తీరిగ్గా వినండి. టాపిక్ ఏంటంటే, వాసన. కొత్త ఫ్లాట్‌లో కబోర్డ్ తలుపు తీయగానే ముక్కుకి ఘాటుగా తగిలి, కళ్లు చురచురలాడించే ఆ వాసన. చాలామంది దాన్ని "కొత్త ఇంటి వాసన" అని ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ వాసనకి ఒక చరిత్ర ఉంది. రష్యాలో మొదలై, జర్మనీ, స్విట్జర్లాండ్ మీదుగా మన పటాన్‌చెరు దాకా వచ్చి, అక్కడి నుంచి ఉప్పల్, నాచారం బెడ్రూముల్లోకి చేరింది. అదే ఈ రోజు చెప్పబోతున్నా.

నేను ఉండేది నాచారం. మెట్రో వచ్చిన తర్వాత, అంటే 2017 నవంబర్ తర్వాత, ఉప్పల్ చుట్టూ ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఫ్యాక్టరీ షిఫ్ట్ టైమింగ్స్‌తో నడిచిన ఏరియా ఇప్పుడు ఈఎంఐ డేట్లతో నడుస్తోంది. ప్రతి కొత్త ఫ్లాట్‌కీ మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్, టీవీ యూనిట్, పూజ మందిరం, ఫాల్స్ సీలింగ్ ఉండాల్సిందే. ఒక త్రీ బీహెచ్‌కే ఇంటీరియర్‌లోకి ఎంత బోర్డు వెళ్తుందో ఎప్పుడైనా లెక్కేశారా? 8 బై 4 షీట్లు పదుల్లో వెళ్తాయి. ఆ షీట్లన్నిటినీ పట్టి ఉంచేది జిగురు. మన కథలో హీరో, విలన్ రెండూ ఆ జిగురే.

ముందు పాత కాలం జిగురు సంగతి చూద్దాం. మన వడ్రంగులు పూర్వం జంతువుల తోలు, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు వాడేవాళ్లు. దాన్ని "వజ్రం" అనేవాళ్లు. పాలలోని కేసిన్‌తో చేసిన జిగురు, కబేళా రక్తంతో చేసిన జిగురు కూడా ఉండేవి. ఇండియాలో ప్లైవుడ్ మొదలైంది అస్సాంలో, టీ పెట్టెల కోసం. టీ ఆకుని లండన్ పంపడానికి తేలికైన, గట్టి పెట్టె కావాలి. అప్పట్లో పెట్టెల్ని అతికించింది ఇలాంటి జిగురులే. వీటితో రెండు ఇబ్బందులు. తడి తగిలితే వదిలేస్తాయి, బూజు పట్టి పురుగు పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్లు మస్కిటో అనే చెక్క విమానం చేశారు. మొదట్లో దాన్ని అతికించింది కేసిన్ జిగురుతోనే. ఆ విమానాలు 1944లో ఇండియా, బర్మా వైపు వచ్చాక కొన్ని గాల్లోనే రెక్కలు విరిగి కూలిపోయాయి. ముందు అందరూ అనుమానించింది మన ఎండని, తేమని, జిగురుని. తర్వాత విచారణలో తయారీ లోపాలు కూడా బయటపడ్డాయి, అది వేరే కథ. మస్కిటోల్లో కేసిన్ స్థానంలోకి వచ్చిన కొత్త జిగురు పేరు యూరియా ఫార్మాల్డిహైడ్.

పేరులోనే రెండు ముక్కలున్నాయి. యూరియా అంటే మనకి పరిచయం అక్కర్లేదు. పొలంలో చల్లే యూరియానే. 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు ఏ బస్తా కోసం తెల్లారకముందే చెప్పులు క్యూలో పెట్టి నిలబడ్డారో, అదే పదార్థం. రైతు కోసం సబ్సిడీ మీద వచ్చే ఆ యూరియాని దొంగదారిలో జిగురు తయారీకి మళ్లించడం దేశంలో ఎప్పట్నుంచో ఉన్న జబ్బు. యూరియాకి వేప నూనె పూత తప్పనిసరి చేయడానికి ఒక కారణం ఇదే. 2022లో కేంద్రం ఇలాంటి యూనిట్ల మీద దాడులు కూడా చేయించింది. కాబట్టి మీ కబోర్డ్‌కీ, ఎరువుల దుకాణం ముందు క్యూకీ మధ్య ఉన్న దూరం మీరనుకున్నంత ఎక్కువేం కాదు.

రెండో ముక్క ఫార్మాల్డిహైడ్. 1859లో అలెగ్జాండర్ బట్లెరోవ్ అనే రష్యన్ కెమిస్ట్ ఇంకేదో ప్రయోగం చేస్తుంటే ఘాటు వాసన ఉన్న ఒక పదార్థం తగిలింది. 1867లో జర్మనీలో హాఫ్‌మన్ అనే కెమిస్ట్ మిథనాల్ ఆవిరిని వేడి ప్లాటినం మీదుగా పంపి దాన్ని కావాలని తయారు చేశాడు, అదేంటో తేల్చాడు. చాలా చిన్న మాలిక్యూల్. ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు, అంతే. నీళ్లలో కలిపితే ఫార్మాలిన్. ఇంటర్ బైపీసీ ల్యాబ్‌లో సీసాలో తేలుతున్న కప్ప గుర్తుందా? అది ఉన్నది ఫార్మాలిన్‌లోనే. ప్రోటీన్లని ఒకదానికొకటి కుట్టేసి, కుళ్లకుండా ఆపుతుంది. ఈ "కుట్టేయడం" అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

1907లో బేక్‌ల్యాండ్ అనే ఆయన ఫినాల్‌తో ఫార్మాల్డిహైడ్ కలిపి బేకలైట్ చేశాడు. మన తాతల కాలం నల్ల స్విచ్చులు, రేడియో డబ్బాలు అవే. 1918 ప్రాంతంలో ప్రాగ్‌లో హాన్స్ జాన్ అనే కెమిస్ట్ ఫినాల్ బదులు యూరియా కలిపి పేటెంట్ తీసుకున్నాడు. 1930ల మొదట్లో జర్మన్ కంపెనీలు దాన్ని చెక్క జిగురుగా అమ్మడం మొదలుపెట్టాయి. తెల్లగా ఉంటుంది, త్వరగా గట్టిపడుతుంది, బూజు పట్టదు, అన్నిటికన్నా ముఖ్యంగా చాలా చవక. ఒకటే సమస్య. తేమా వేడీ కలిస్తే ఈ జిగురు మెల్లమెల్లగా వెనక్కి విడిపోతుంది. విడిపోయినప్పుడు ఫార్మాల్డిహైడ్ మళ్లీ గాల్లోకి వస్తుంది. ఒక రోజు, ఒక వారంతో ఆగదు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. మొదటి నెలల్లో ఎక్కువ, తర్వాత తక్కువ. కోడింగ్ భాషలో చెప్పాలంటే అది మెమరీ లీక్ లాంటిది. రీస్టార్ట్ బటన్ మాత్రం లేదు.

ఇప్పుడు నోవాపాన్ దగ్గరికొద్దాం. ఏ హైదరాబాద్ కార్పెంటర్‌ని అడిగినా పార్టికల్ బోర్డుని "నోవాపాన్" అనే అంటాడు, జిరాక్స్, డాల్డా లాగా. ఆ పేరు మనది కాదు. 1930లలో జర్మనీలో మాక్స్ హిమ్మెల్‌హెబర్ అనే పైలట్ కమ్ ఇంజినీర్‌కి ఒక బాధ ఉండేది. చెట్టు కొట్టాక సగం పైగా ముక్కలు, రంపపు పొట్టు, కొమ్మలు అన్నీ పొయ్యిలోకే పోతున్నాయి. వాటిని చిన్న తునకలు చేసి, జిగురు కలిపి, వేడి ప్రెస్‌లో నొక్కితే పలక అవుతుంది కదా అనుకున్నాడు. 1941లో బ్రెమెన్‌లో మొదటి ఫ్యాక్టరీ నడిచింది. యుద్ధం, కలప కరువు, పైగా బాంబులకి కూలిన ఊళ్లు. చెట్లు పెరిగేదాకా ఆగే పరిస్థితి లేదు. అదే దశకంలో స్విట్జర్లాండ్‌లో ఫ్రెడ్ ఫార్ని అనే ఆయన దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. మధ్యలో ముతక తునకలు, పైనా కిందా సన్నవి, మొత్తం మూడు పొరలు. దానికి ఆయన పెట్టిన పేరు నోవోపాన్. ఆ పేరుతోనే 1980లలో మన జీవీకే గ్రూప్ పటాన్‌చెరులో పార్టికల్ బోర్డు ఫ్యాక్టరీ నడిపింది. స్విస్ పేరు కాస్తా అలా మన కార్పెంటర్ల నోట్లో "నోవాపాన్" అయింది.

నిజాయితీగా చెప్పాలంటే ఈ బోర్డు ఆలోచన మంచిది. వృథా పోయే కట్టెని వాడుకోవడం, అడవిని కాపాడటం చిన్న విషయం కాదు. ఇండియాలో ఇది ఇంత పెరగడానికి ఒక కోర్టు ఆర్డర్ కూడా కారణం. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల నరికివేత మీద, ఈశాన్య రాష్ట్రాల నుంచి కలప రవాణా మీద గట్టి ఆంక్షలు పెట్టింది. అస్సాం, అరుణాచల్ వైపు ప్లైవుడ్ మిల్లులు వరసగా మూతపడ్డాయి. ఇండస్ట్రీ హర్యానాలోని యమునానగర్‌కి, కేరళలోని పెరుంబవూర్‌కి జరిగింది. అడవి చెట్టు స్థానంలో పొలం గట్టు చెట్టు వచ్చింది. అక్కడ పాప్లర్, రబ్బరు చెట్టు. మన దగ్గర జామాయిల్, సుబాబుల్ కాగితం మిల్లులతో పాటు ప్లైవుడ్‌లోకీ వెళ్లాయి. టేకు తలుపులు మన తాతల ఇళ్లతోనే ఆగిపోయాయి. ఐదారేళ్లు పెరిగిన మెత్తటి కట్టె గట్టిగా నిలబడాలంటే జిగురు మీదే భారం. అడవికి మేలు చేసిన ఆర్డరే మన ఇళ్లలోకి జిగురు పెంచింది. దీంట్లో తప్పెవరిదో నేను తీర్పు చెప్పలేను, చెప్పను కూడా.

మరి ఈ వాసన ప్రమాదం అని ఎప్పుడు తెలిసింది? ఇది నాకు మొత్తం కథలో అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్ పార్ట్.

1973లో ఆయిల్ క్రైసిస్. పెట్రోల్ ధర పెరిగితే అమెరికా, యూరప్ వాళ్లు చేసిన మొదటి పని ఇళ్లని గాలి చొరబడకుండా బిగించడం. హీటింగ్ బిల్లు తగ్గాలి కదా. అదే టైంలో అమెరికాలో మొబైల్ హోమ్స్ బాగా పెరిగాయి. నేల పార్టికల్ బోర్డు, గోడ ప్లైవుడ్, కబోర్డ్ పార్టికల్ బోర్డు. అగ్గిపెట్టె లాంటి ఇంట్లో జిగురు నిండిపోయింది, గాలి ఆడట్లేదు. జనానికి కళ్ల మంటలు, గొంతు నొప్పి, తలనొప్పి, దగ్గు. ఇటు జర్మనీ, డెన్మార్క్, స్వీడన్‌లో కూడా ఇవే ఫిర్యాదులు. 1977లో పశ్చిమ జర్మనీ ఆరోగ్య శాఖ ఒక గీత గీసింది, ఇంటి గాల్లో 0.1 పీపీఎం దాటకూడదని. పీపీఎం అంటే పది లక్షల వంతుల గాలిలో ఎన్ని వంతులు అని. ఈ రోజు బోర్డు మీద కనిపించే "ఈ1" ముద్రకి పునాది ఆ గీతే.

1979లో ఇంకో బాంబు పడింది. అమెరికాలో కెమికల్ కంపెనీలే డబ్బులు పెట్టి నడిపే ఒక టాక్సికాలజీ సంస్థ ఎలుకల మీద ప్రయోగం చేసింది. రెండేళ్ల పాటు దాదాపు 14 నుంచి 15 పీపీఎం పీల్చిన ఎలుకల్లో సగానికి దగ్గరగా ముక్కు లోపల క్యాన్సర్ వచ్చింది. 6 పీపీఎం దగ్గర రెండింటికి, 2 పీపీఎం దగ్గర ఒక్కదానికీ రాలేదు. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, కంపెనీల సొంత డబ్బుతో నడిచిన ల్యాబే చెడ్డ వార్త బయటపెట్టింది. రెండు, డోస్ బట్టి ఫలితం మారింది. 2 పీపీఎం దగ్గర ఏమీ లేదని కంపెనీలు పట్టుకున్నాయి, 15 దగ్గర సగం ఎలుకలు పోయాయని డాక్టర్లు పట్టుకున్నారు. ఆ తర్వాత నలభై ఏళ్ల గొడవంతా ఈ రెండు నంబర్ల మధ్యే.

కెనడా 1980 డిసెంబర్‌లో గోడల్లో నింపే యూరియా ఫార్మాల్డిహైడ్ నురుగుని బ్యాన్ చేసింది. అమెరికా 1982లో బ్యాన్ చేస్తే 1983లో అప్పీల్ కోర్టు కొట్టేసింది, ఆధారాలు చాలవని. అదే 1982లో అక్కడి పర్యావరణ సంస్థ ఫార్మాల్డిహైడ్‌ని అర్జెంట్‌గా చూడాల్సిన పని లేదని పక్కన పెట్టేసింది, రెండేళ్లకి మళ్లీ మాట మార్చింది. మొబైల్ హోమ్స్‌కి మాత్రం 1985 నుంచి బోర్డుల మీద పరిమితి వచ్చింది. 1992లో ఫ్యాక్టరీ కార్మికులకి 0.75 పీపీఎం అన్నారు. జపాన్‌లో "సిక్ హౌస్" అనే మాట టీవీల్లో రోజూ వినిపించే స్థాయికి వెళ్లి, 2003లో బిల్డింగ్ చట్టమే మార్చారు. అక్కడ బోర్డు మీద నాలుగు నక్షత్రాలు ఉంటేనే లిమిట్ లేకుండా వాడొచ్చు.

2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన ఐఏఆర్‌సీ ఫార్మాల్డిహైడ్‌ని గ్రూప్ 1లో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ఖాయం చేసినవాటిలో. ముక్కు వెనక, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్ గురించి ముందు చెప్పారు, 2009లో లుకేమియా కూడా చేర్చారు. ఆగండి, ఇక్కడ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈ నిర్ణయానికి ఆధారం ఎక్కువగా ఏళ్ల తరబడి డ్యూటీలో పీల్చిన కార్మికులు. కబోర్డ్ పెట్టించుకున్న ప్రతివాళ్లకీ క్యాన్సర్ వస్తుందని ఎవడైనా థంబ్‌నెయిల్ పెడితే నమ్మకండి. మన శరీరమే కొంత ఫార్మాల్డిహైడ్ తయారు చేసుకుంటుంది, వాడేసుకుంటుంది కూడా. ఇళ్లలో ఉండే స్థాయిల్లో మామూలుగా కనిపించేది కళ్ల మంట, ముక్కు దిబ్బడ, గొంతు గరగర, పొడి దగ్గు. ఆస్తమా ఉన్నవాళ్లకి, చిన్నపిల్లలకి ఇబ్బంది ఎక్కువ.

2005లో కత్రినా తుఫాను. న్యూ ఆర్లీన్స్ మునిగిపోయింది. ఇళ్లు పోయినవాళ్లకి అమెరికా ప్రభుత్వం ట్రైలర్లు ఇచ్చింది, హడావుడిగా చేయించినవి. కొన్ని నెలలకే పిల్లలకి ముక్కు నుంచి రక్తం, ఆయాసం అని ఫిర్యాదులు. ప్రభుత్వం చాలాకాలం నాన్చింది. చివరికి 2007 డిసెంబర్, 2008 జనవరిలో సీడీసీ 519 ట్రైలర్లలో గాలి కొలిచింది. సగటు 77 పీపీబీ, అంటే 0.077 పీపీఎం. కొన్నిట్లో 590 పీపీబీ దాకా ఉంది. అదీ చలికాలంలో. ఎండాకాలం కొలిస్తే ఇంకా ఎక్కువ వచ్చేది, ఎందుకంటే వేడి పెరిగితే విడుదల పెరుగుతుంది. ఆ తర్వాతే 2010లో అమెరికా దేశమంతటికీ బోర్డుల చట్టం చేసింది. దానికి మూడేళ్ల ముందే కాలిఫోర్నియా సొంతంగా రూల్ పెట్టుకుంది. 2015 మార్చిలో "60 మినిట్స్" ప్రోగ్రాం లంబర్ లిక్విడేటర్స్ అనే కంపెనీ చైనా నుంచి తెచ్చిన ఫ్లోరింగ్ మీద స్టోరీ వేస్తే ఆ షేర్ దడేల్మని పడింది. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లకి "కార్బ్ కంప్లయంట్" అనే మాట తెలిసే ఉంటుంది. ఆ మాట పుట్టింది ఈ గొడవల్లోంచే.

సరే, మరి మన దగ్గర?

తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు ఒకసారి ఊహించుకోండి. ఐఐసీటీ, దానికి 1944లో పునాది పడింది. ఎన్‌జీఆర్ఐ. 1987లో ఈ క్యాంపస్ జాతికి అంకితమైన సీసీఎంబీ. దేశంలో ఇంత కెమిస్ట్రీ, ఇంత బయాలజీ ఒకే రోడ్డు మీద ఉన్న చోట్లు చాలా తక్కువ. సీసీఎంబీ లాంటి మాలిక్యులర్ బయాలజీ ల్యాబుల్లో ఫార్మాల్డిహైడ్ మామూలు సరుకు. డీఎన్‌ఏకి ప్రోటీన్‌ని "కుట్టేసి" చదవడానికి వాడతారు. కుట్టేయడం అని ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ల్యాబ్‌లో ఉపయోగం అదే, మన ముక్కు లోపలి కణాల్లో ప్రమాదం కూడా అదే. కణం ఆ కుట్లని విప్పుకుంటుంది, రిపేర్ చేసుకుంటుంది. రోజూ ఎక్కువ మోతాదులో పడితే రిపేర్ వెనకబడుతుంది. అందుకే ల్యాబ్‌లో దాన్ని ఫ్యూమ్ హుడ్ కింద, గ్లవ్స్ వేసుకుని ముట్టుకుంటారు. హబ్సిగూడలో ఎడమకి తిరిగి నాచారం వైపు వస్తే అదే మాలిక్యూల్‌ని ఏ హుడ్ లేకుండా, కిటికీలు మూసిన ఫ్లాట్‌లో పీలుస్తూ పనిచేసేవాళ్లు కనిపిస్తారు.

మన చట్టంలో ఏముండేదంటే, భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీస్ యాక్ట్‌ని సవరించి, రసాయనాల పరిమితుల పట్టిక పెట్టారు. అందులో ఫార్మాల్డిహైడ్‌కి ఎనిమిది గంటల సగటు 1 పీపీఎం అని ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లలోపల గాలికి 2010లో చెప్పింది 0.08 పీపీఎం, అదీ అరగంట సగటు. పన్నెండు రెట్లు తేడా. ఫ్యాక్టరీ వేరు, ఇల్లు వేరు అంటారు, ఓకే. కానీ ఇంటీరియర్ నడుస్తున్న ఫ్లాట్ సంగతేంటి? అది ఫ్యాక్టరీ కాదు, ఇన్‌స్పెక్టర్ రాడు. ఇల్లూ కాదు, ఓనర్ ఇంకా దిగలేదు. ఆ ఆరేడు వారాలు ఆ ఫ్లాట్ ఏ లెక్కలోకీ రాదు.

మా బిల్డింగ్‌లో కింది ఫ్లోర్ ఫ్లాట్‌లో వర్క్ నడిచినప్పుడు నేను వెళ్లి మాట్లాడా. నలుగురు, యూపీ నుంచి వచ్చినవాళ్లు. పగలు కోత, రాత్రి అక్కడే బోర్డులు పరుచుకుని పడక. వంట బాల్కనీలో. వాళ్లలో పెద్దాయన్ని "భయ్యా, కళ్లు మండవా?" అని అడిగితే నవ్వాడు. మొదటి సంవత్సరం మండేవట, ఇప్పుడు తెలియట్లేదట. తెలియకపోవడం మంచి సైన్ కాదు. అలవాటయ్యేకొద్దీ ముక్కు ఆ వాసనని లెక్కచేయడం మానేస్తుంది. పైగా రంపపు పొడి. చెక్క పొడి కూడా 1995 నుంచి ఐఏఆర్‌సీ గ్రూప్ 1లో ఉంది. ఎండీఎఫ్ కోసినప్పుడు వచ్చే పొడి పిండిలా ఉంటుంది, దానికి జిగురు కూడా అంటుకుని ఉంటుంది. ముక్కుకి కట్టుకుంది తువ్వాలు. ఎనిమిది గంటలు కాదు, రోజుకి ఇరవై నాలుగు గంటలూ ఆ గాల్లోనే. ఒక ఫ్లాట్ అయిపోగానే ఇంకో ఫ్లాట్. వాళ్లకి అది ఎప్పటికీ "మొదటి నెల" గాలే.

ఇప్పుడు మా అక్కవాళ్ల సంగతి చెప్తా. పోయినేడు ఉప్పల్‌లో ఫ్లాట్ కొన్నారు. ఇంటీరియర్ అయ్యింది ఏప్రిల్ మధ్యలో, ముహూర్తం నెలాఖరున. పాప వయసు ఐదు నెలలు. అక్క లోపలికి వెళ్తే కళ్లలో నీళ్లు, పాపకి తుమ్ములు. బావ ఒకటే టెన్షన్, రామంతాపూర్‌లో అద్దె, ఇక్కడ ఈఎంఐ, రెండూ ఒకేసారి కట్టాలి. అత్తయ్య సాంబ్రాణి వేస్తే వాసన పోతుందన్నారు. అత్తయ్యకి కోపం వచ్చినా సరే అని నేను చెప్పేశా, అగరబత్తి, సాంబ్రాణి కాలిస్తే ఆ పొగలోనూ ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, వాసన మారుతుంది గానీ గాలి బాగుపడదు అని. బావ ఆన్‌లైన్‌లో ఒక చిన్న మీటర్ తెప్పించాడు. దాని ముందు శానిటైజర్ కొడితే నంబర్ ఎగిరిపోయింది. చవక మీటర్లలో సెన్సర్‌కి ఆల్కహాల్‌కీ దీనికీ తేడా తెలియదు. నాసా 1989 స్టడీ అని చెప్పి మనీ ప్లాంట్లు పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. ఆ స్టడీ చేసింది సీల్ చేసిన చిన్న పెట్టెలో. మామూలు ఫ్లాట్‌లో ఆ లెక్కన పనిచేయాలంటే మనిషికి నిలబడే చోటు లేనన్ని కుండీలు పెట్టాలి.

చివరికి చేసింది సింపుల్. ముహూర్తానికి పాలు పొంగించారు, వ్రతం చేశారు, భోజనాలు బయట టెర్రస్ మీద. ఒక్క రాత్రి పెద్దవాళ్లు నిద్ర చేశారు. తర్వాత రెండు నెలలు రామంతాపూర్‌లోనే. బావ రోజూ ఆఫీస్ అయ్యాక వచ్చి కబోర్డ్ తలుపులన్నీ బార్లా తెరిచి, కిటికీలు తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి వెళ్లేవాడు. ఎండాకాలం కాబట్టి బోర్డు వేడెక్కి ఎక్కువ వదులుతుంది, కిటికీలు తీసి ఉంటే అది బయటికి పోతుంది. అదే వేడిలో తలుపులు బిగించి ఉంటే మాత్రం నరకమే. కోసిన అంచులకి, లోపలివైపు వదిలేసిన వెనక భాగాలకి మైకా, ఎడ్జ్ బ్యాండ్ వేయించారు. గ్యాస్ ఎక్కువగా వచ్చేది ఆ మూయని అంచుల నుంచే. రెండు నెలల అద్దె ఎక్స్‌ట్రా పడింది. బావ దగ్గర ఆ డబ్బులు ఉన్నాయి కాబట్టి కుదిరింది. లేనివాళ్లు ఏం చేయాలి అని అక్క అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కొనేముందు చూసుకోవాల్సినవి చెప్తా, ఇవి చాలామంది అడుగుతున్నారు. ముందు ఒక అపోహ. కార్పెంటర్ డబ్బాలోని ఫెవికాల్‌ని అందరూ తిడతారు. 1959 నుంచి వస్తున్న ఆ తెల్ల జిగురు పాలివినైల్ అసిటేట్, యూరియా ఫార్మాల్డిహైడ్ కాదు. అసలు సరుకు షీట్ లోపలే, ఫ్యాక్టరీలోనే పడి వస్తుంది. "ఎంఆర్" లేదా "కమర్షియల్" అని అమ్మే ప్లైవుడ్‌లో వాడేది సాధారణంగా యూరియా జిగురు. ఐఎస్ 710 మెరైన్, బీడబ్ల్యూపీ అని వచ్చేవాటిలో ఫినాల్ జిగురు, పక్క నుంచి చూస్తే గీతలు ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. మనవాళ్లు దాన్ని కొనేది నీళ్లకి పాడవదని. కానీ ఫినాల్ జిగురు అంత తేలిగ్గా విడిపోదు కాబట్టి గాల్లోకి వదిలేది కూడా చాలా తక్కువ. కిచెన్‌లో మెరైన్ పెట్టించి, పిల్లల బెడ్రూంలో చవకది పెట్టించడం మన అలవాటు. నన్నడిగితే అది రివర్స్‌లో ఆలోచించాలి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అయితే ఈ1 గానీ, ఈ0 గానీ ముద్ర ఉందా, బిల్లు మీద రాసిస్తాడా అని అడగండి. "ఉంటది సార్" అన్నది సరిపోదు. ఇంకోటి, మెలమైన్ పాలిష్. మెరుపు బాగుంటుంది, కానీ అది ఆరేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదిలే రకం. థిన్నర్ వాసన పోయింది కదా అని అదే రోజు దిగకండి.

కేంద్రం 2024లో ప్లైవుడ్‌కి, చెక్క బోర్డులకి క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్లు తెచ్చింది, 2025 నుంచి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి అంటూ అమలు మొదలైంది. షాపుకి వెళ్తే షీట్ మీద ఆ మార్క్, దాని కింద లైసెన్స్ నంబర్ చూడండి. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో వచ్చేస్తుంది. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కదా.

అన్నట్టు, మా కింది ఫ్లోర్ వర్క్ అయిపోయింది. ఓనర్లు ఇంకా దిగలేదు. ఆ నలుగురు మాత్రం బోడుప్పల్‌లో ఇంకో ఫ్లాట్‌కి వెళ్లారు. పెద్దాయనకి నేను నాలుగు ఎన్95 మాస్కులు ఇచ్చా, పొడికి పనికొస్తాయి, గ్యాస్‌ని మాత్రం అవి ఆపవు అని చెప్పి మరీ. గ్యాస్‌ని ఆపాలంటే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, అది వేసుకుని మే నెలలో రంపం పట్టడం ఎంత కష్టమో ఆయనే నాకు చెప్పాడు. "కిటికీ తీసి పడుకుంటాం సార్, దోమలొచ్చినా పర్లేదు" అన్నాడు. ఓకే, ఈ ఎపిసోడ్ ఇక్కడితో ఆపుతున్నా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో లక్డీకాపూల్‌కి ఆ పేరెలా వచ్చిందో చూద్దాం.